రెండు వరుసల ఇటుక

మీ ఇంట్లో పొయ్యి పెట్టే బండ ఎంత ఎత్తుండాలో ఎవరు చెప్పారు? మేస్త్రీయా, వాస్తు పండితుడా, లేక ఇంటి యజమానినని మీరేనా?

ఎనభైలలో మేము మత్తిగిరిలో ఉండేవాళ్ళం. నా భార్య నేల మీద కూర్చుని వండేది. మోకాళ్ళు వాచి, లేవడమే కష్టమైంది. ఇక నిలబడే వండాలని వైద్యుడు చెప్పాడు. ఆ వారమే కృష్ణగిరి దారిలో రాళ్ళు కోసే చోటికి వెళ్ళాను. విదేశాల్లో సమాధులకు పోయే నల్లరాయి అక్కడ కోసేవారు. సన్నటి తెల్ల చార ఉందని పక్కన పడేసిన పలక ఒకటి మాకు కుదిరింది.

మా అమ్మ ఒప్పుకోలేదు. "గోరీ రాతి మీద కూడొండుతారా? కొంప ఏమైపోవల్ల?"

"నువ్వు రుబ్బే రోలు ఏ కొండదమ్మా? ఆ కొండ రాతికే గుళ్ళో మొక్కుతావు. తాను గోరీయో దేవుడో రాయికి తెలుసా?"

"నీ నోటితో గెలిచేది ఎవరి వశమురా!" అంటూ అమ్మ లేచి వెళ్ళిపోయింది. నెగ్గానని నాకు మహా సంతోషం.

పని ఒప్పుకున్న రాతి మేస్త్రీ మా వంటింటి గోడలు వంకరగా ఉన్నాయని చూసి, పాత పేపర్లు మైదా గంజితో అతికించి, గోడ వంపు ఎలా ఉంటే అలా కత్తిరించుకున్నాడు. ఆ అచ్చును పలక మీద పరచి, సుద్దతో గీసి, గీత వెంట కోయించాడు. గిన్నెలు కడిగే తొట్టి కోసం వరసగా రంధ్రాలు తొలిచి, మధ్య ముక్కను మెల్లగా కొట్టి తీశాడు. నీళ్ళు పోస్తూ అంచును సానరాళ్ళతో రెండు రోజులు రుద్దాడు. బండను మోసే ఇటుక గోడలు ఎంత ఎత్తు కట్టాలని అడిగితే, నేను నిలబడి నా నడుము చూపించాను.

రాయి టెంపోలో వచ్చింది. నలుగురు దాన్ని తలుపులా నిలబెట్టి మోశారు. పడుకోబెడితే తొట్టి దగ్గర విరుగుతుందట. సిమెంటు వేయకముందే మేస్త్రీ దాన్ని గోడల మీద పెట్టించి, రసమట్టంతో సమంగా ఉందో లేదో చూశాడు. చక్కగా కూర్చుంది. అప్పుడు అడిగాడు: "సామీ, ఈడ వండేది నువ్వా, మీ ఇంటామెనా?"

నా భార్యను పిలిచి, స్టవ్వు, గిన్నె బండ మీద పెట్టి, గరిటె తిప్పమన్నాడు. ఆమె భుజాలు చెవులదాకా లేచాయి. మోకాళ్ళ నొప్పి తీసి భుజాలకు అంటగట్టబోయాను.

"కాళ్ళ కింద చెక్క వేసుకుంటే సరి," అన్నాను.

"నేను పొడుగయ్యేదాకా మీరే వండండి," అంది.

వాకిట్లోంచి అమ్మ అందుకుంది: "దేవుణ్ణి అడగొద్దంటివి, పంచాంగం అడగొద్దంటివి, సరే. పెండ్లాన్ని గూడా అడగగూడదని యాడ రాసుండాదిరా?"

అందరి ఆచారాలనూ నిలదీసే నేను నా నడుమును శాస్త్రం చేసుకున్నాను. వెంటనే రాయి దింపించాను. "రేపొచ్చి చూస్తాము సామీ," అన్న మేస్త్రీని పోనివ్వలేదు. ఇద్దరం కలిసి రెండు వరుసల ఇటుక ఊడగొట్టాం. ఆమె మోచేయి మడిచి నిలబడితే, దానికి జానెడు కింద గీత గీసి, ఆ ఎత్తుకే గోడ సరిచేసి, సిమెంటు పరిచి బండ కూర్చోబెట్టాం. అది ఆరాక ఆమె ఒక పూట వంటంతా నిలబడి చేసింది. భుజాలు లేవలేదు.

ఈ కాగితం పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్ళండి. మీకు వండిపెట్టే మనిషి గరిటె తిప్పుతుంటే ఆమె భుజాలు చూడండి. ఎత్తు ఎంతుండాలో ఆమెనే చెప్పమనండి. తప్పని తేలితే మేస్త్రీని పిలవండి, బండ దింపండి, ఇటుకలు మీ చేత్తోనే ఊడగొట్టండి.