ఏటి మొగ దగ్గర మంట

యాభై ఏళ్లు దాటింది, ఒక్క అబద్ధాన్ని మోస్తున్నాను. మోసేది నేనే అయినా దాని బరువంతా నా తోటికోడలి మీద పడింది. ఆమెను సుబ్బమ్మ అంటాను, అసలు పేరు అది కాదు. ఆమెకు చదువు రాదు, అయినా నాకు భయమే. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

అవి బంగ్లాదేశ్ యుద్ధం రోజులు. అమెరికా యుద్ధ నౌక మన సముద్రంలోకి వస్తోందని రేడియో చెప్పింది. ఇందుకూరుపేట నుంచి వచ్చినవాళ్లు దానికి ఇంకో నాలుగు కలిపారు. ఒడ్డున వెలుగు కనిపిస్తే గుండ్లు వేస్తారట. పొద్దు వాలాక దీపం పెట్టొద్దని మా పల్లె పెద్ద, పెద్దకాపు, చాటించాడు.

మా పల్లెలో ఒక కట్టుబాటు ఉండేది. తెప్ప చీకటి పడేలోగా రాకపోతే ఆ ఇంటి ఆడది ఏటి మొగ దగ్గర తాటాకుల మంట వేసి కూర్చోవాలి. ఏరు సముద్రంలో కలిసే ఆ సందు కనిపించకపోతే అలలు తెప్పను తిరగేస్తాయి. ఆ సాయంత్రం నా మరిది, సుబ్బమ్మ మొగుడు, రాలేదు. నా మనిషి మాత్రం అప్పటికే ఇంట్లో గంజి తాగుతున్నాడు. "మంట లేకుంటే మనిషెట్టా వస్తాడక్కా?" అంటూ సుబ్బమ్మ పెద్దకాపు మాట కాదని మంట వేసింది.

కాసేపటికి నేను వెళ్లి చూస్తే, పొద్దంతా చేపలమ్మి అలసిన మనిషి, మోకాళ్ల మీద తల పెట్టి నిద్రపోతోంది. మంట బాగా మండుతోంది. దూరంగా నీళ్ల మీద ఏదో వెలుగు కదిలింది. అమెరికా ఓడే అనుకున్నాను. గుడిసెలో నా పసిబిడ్డ ఉంది. రెండు చేతులా తడి ఇసుక తోడి మంట మీద పోశాను. ఆ వెలుగు మా మరిది చేతిలో లాంతరేమోనన్న ఆలోచన తెల్లారాక గానీ రాలేదు.

తట్టి లేపాను. చీకటిని చూసి అడిగింది.

"నేను నిద్రపోయినానా అక్కా?"

"ఊ. ఆరిపోయింది."

మళ్లీ వెలిగించబోతే చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చాను. పొద్దున తెప్ప దుంగలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. మనిషి రాలేదు.

నిద్రపోయి మొగుణ్ణి మింగింది అన్నది మా అత్త. ఊరంతా అన్నది. నేను పక్కనే ఉన్నాను. ఎందుకు నోరు విప్పలేదు? భయమా? భయం ఆ ఒక్క సాయంత్రానిదే కదా, మరి తర్వాత గడిచిన ఏళ్లకు ఏం పేరు పెట్టుకోను? ఆమె నా పిల్లల్ని ఎత్తుకు పెంచింది, నా చేపల గంప మోసింది, నాకు జ్వరమొస్తే మంచం పక్కన కూర్చుంది, కూర్చున్నంతసేపూ ఒక్కసారైనా కునుకు తీయలేదు. అది చూసి ఏడుపొచ్చేది. జ్వరం వల్ల అనుకునేది.

మొన్న నా మనవడు ఫోనులో చూసి, "ఆ ఓడ మన తట్టు రానే లేదంటవ్వా" అన్నాడు. సుబ్బమ్మ కత్తిపీట మీద నుంచి తలెత్తలేదు. "వస్తే ఏంది, రాకుంటే ఏంది? నేను మేలుకొని ఉండాల్సింది" అంది. నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ఆమె నిద్రపోయిన మాట నిజం. అప్పుడు మంట మండుతూనే ఉంది. ఆర్పింది నేను.

రాశాక గుండె కాస్త తేలికపడింది. ఈ తేలిక దక్కాల్సింది ఆమెకు. అదీ నేనే తీసుకున్నాను.