నాన్నకు పప్పుల పాఠం

ఈమధ్య కిరాణా దుకాణంలో పప్పుల బస్తాల వాసనకు సౌదీలోని జిజాన్ గుర్తొచ్చింది. నాకప్పుడు ఏడేళ్లు. రేవు దగ్గరి హోటల్లో కాల్చిన చేప తిని, ముగ్గురం సరుకులు కొనడానికి వెళ్లాం. అమ్మ ఒక్కో పప్పు చూపించి పేరడిగితే, వంట తెలియని నాన్న తడబడుతున్నాడు.

“గిది పెసరపప్పా?”

“కాదు, శెనగపప్పు. నానబెట్టకుంటె జల్ది ఉడకదు, యాదికుంచుకో.”

అదేదో ఆటనుకుని, నాన్న తప్పు చెప్పినప్పుడల్లా చప్పట్లు కొట్టాను. అమ్మ నవ్వలేదు.

ఆ వారమే అమ్మా నేనూ అక్కడి వీసా రద్దు చేసుకుని, ఫైనల్ ఎగ్జిట్ మీద శాశ్వతంగా కరీంనగర్ వచ్చేశాం. నాన్న అక్కడే ఉండిపోయాడు. కుటుంబాల మీద అక్కడి సర్కారు వేసిన లెవీ పన్ను కట్టలేకే మమ్మల్ని పంపాడని పెద్దయ్యాక తెలిసింది.

ఫోన్ చేసినప్పుడల్లా “ఏం తిన్నవ్ బిడ్డా?” అని అడిగేవాడు. ఆయనేం తిన్నాడో నేనొక్కసారీ అడగలేదు.