గట్టు తుడిచే గుడ్డ

ఎర్రగుంట్లలో కిరాణాకొట్టు నాగసుబ్బయ్య భార్య కన్యకమ్మ పొద్దున లేస్తూనే వంటింటి గట్టు తుడుస్తుంది. సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము రాత్రికి రాత్రే గట్టు మీద బూడిదలా పరుచుకుని ఉంటుంది. కొంగు నడుముకు దోపి, మొగుడి పాత పంచె ముక్కతో ముందు పొడిగా, తర్వాత తడిపి తుడుస్తుంది. ఆ గుడ్డను జాడించి, పిండి, దండెం మీద ఆరేస్తే గానీ కాఫీ తాగదు. కొత్త కోడలు హిమబిందు స్పాంజి తెచ్చిపెడితే రెండు వేళ్లతో ఎత్తి చూసి, "ఇది మురికంతా కడుపులో దాచుకుంటాది మ్మే. గుడ్డయితే విప్పి చూపిస్తాది" అని కిటికీలో పడేసింది.

పంచె ముక్కలు చివికిపోయిన రోజు, అత్త గుడ్డ కోసం వెతుకుతుంటే హిమబిందు తన పెట్టెలోంచి వెలిసిపోయిన ఓణీ తెచ్చింది. "దీన్ని చింపుకోండత్తా, పాతదే."

పాతగుడ్డ చేతికొస్తే అంచు పళ్లతో కొరికి పర్రున చించే మనిషి కన్యకమ్మ. ఓణీని నోటిదాకా తెచ్చి ఆగింది. అంచు పొడుగునా వంకర టింకరగా కుట్టిన మల్లెమొగ్గలున్నాయి.

"నువ్వు కుట్టిందేనా?"

"చిన్నప్పుడు, కుట్టు నేర్చుకునేటప్పుడు."

"పో, పెట్టెలో పెట్టుకో."

కన్యకమ్మ కిటికీలోని స్పాంజి అందుకుని తడిపి, గట్టంతా తుడిచింది. జాడించి, పిండి, అలవాటుగా దండెం మీద వేసింది. అది జారి కిందపడింది. దాన్నెత్తి, మళ్లీ కడిగి, మళ్లీ దండెం మీదే వేసింది.