ఆ పేరోల్ కాదు

నారాయణగూడలో బస్సెక్కి నా పక్కన కూర్చున్నాడాయన. గుండు చూసి తిరుపతి వెళ్లొచ్చాడేమో అనుకున్నాను. అప్పట్లో నాది కాంట్రాక్టు ఉద్యోగం. కంపెనీ నన్ను ఎప్పటికి పేరోల్ మీదికి తీసుకుంటుందా అన్నదొక్కటే నా దిగులు. ఎవరు పక్కన కూర్చున్నా ఉద్యోగం గురించే అడిగేవాణ్ణి.

"ఏం చేస్తుంటారన్నా?"

"ఇప్పుడైతే పేరోల్ మీదున్న."

"అదృష్టవంతులన్నా! ఎక్కడ?"

"చర్లపల్లి."

అక్కడ ఫ్యాక్టరీలు బోలెడు. "పర్మనెంటేనా?" అన్నాను ఆశగా.

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆ, పర్మనెంటే" అన్నాడు.

చిక్కడపల్లి రాగానే లేచాడు.

"నాది ఆ పేరోల్ గాదు తమ్మీ. అమ్మ పోయిందని చర్లపల్లి జైలు నుంచి వదిలిండ్రు. దినాలయ్యేదాక రోజు ఈడ పోలీస్ స్టేషన్ల సంతకం పెట్టాలె. తర్వాత మళ్ల లోపటికే, యావజ్జీవం."

నా మొహం ఎలా మారిందో ఏమో, భుజమ్మీద చెయ్యేశాడు. "పరేషాన్ గాకు. అదృష్టవంతునివని నన్ను ఇన్నేండ్లల్ల ఎవ్వరు అనలే."

దిగిపోయాడు.

మొన్న నన్ను పేరోల్ మీదికి తీసుకున్నారు. ఇంటికెళ్లి చెబితే, "పర్మనెంటేనారా?" అంది మా అమ్మ సంబరంగా.

కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆ, పర్మనెంటే" అన్నాను.