ఎడంచేతి గుండిగ

ఈ ఉదయం మా మేనకోడలు ఫోనులో ఒక ఫొటో పంపింది. చింతపల్లి దగ్గర మిరియాల పాదుకు గొయ్యి తీస్తుంటే పాతకాలపు ఇత్తడి గిన్నెలు బయటపడ్డాయట, ఇవేమిటో చెప్పగలవా అత్తా అని అడిగింది. చెప్పడం మాట అటుంచి, కళ్లద్దాల కోసం మోకాళ్ల నొప్పి కూడా మరిచిపోయి గబుక్కున లేచి నిలబడ్డాను.

పురావస్తు శాఖలో అలాంటి వస్తువుల్ని కొలిచి కాగితం మీద గీసివ్వడమే నా తొలి ఉద్యోగం. మిషన్ బడిలో పంతులైన మా నాన్న, పెళ్లికాని పిల్లను కొండలమీదికి పంపుతున్నందుకు పార్వతీపురంలోని చుట్టాలందరి చేతా మాటలు పడ్డాడు, అది వేరే కథ. ఒక చలికాలం, జి.మాడుగుల అవతల కాఫీ తోటలో పెద్ద గుండిగ అడుగు కనిపించిందని కబురొస్తే, మా ఆఫీసరుగారూ నేనూ షేరు జీపులో బస్తాల మధ్య ఒదిగి కూర్చుని వెళ్లాం.

అప్పటికే ఊరంతా గోతి చుట్టూ చేరింది. కింద ఉన్నవి లంకెబిందెలేనని అందరి నమ్మకం. ఆఫీసరుగారు ఊరిపెద్దతో మాట్లాడడానికి పక్కకు వెళ్లగానే తోట రైతు ఆగలేక పలుగెత్తాడు. నాకెక్కడి ధైర్యం వచ్చిందో, గోతిలోకి దూకి, బోర్లించి ఉన్న ఆ గుండిగ మీద రెండు చేతులూ పరిచేశాను. చేతులతో తీద్దాం, నేనూ తవ్వుతానని బతిమాలితే, విసుక్కుంటూనే పలుగు దించాడు.

మధ్యాహ్నానికి గుండిగ లేచింది. దాని కింద ఒకదానిలో ఒకటి ఇమిడిన మరో రెండు గిన్నెలు, వాటి నిండా మట్టీ బూడిదా.

"ఇదేటమ్మా, వంటగిన్నెలా! ఈటికోసమా ఇంతసేపు తవ్వించినావు?" అన్నాడు రైతు.

కొన్ని వందల ఏళ్ల నాటివని ఆఫీసరుగారు పొంగిపోతూ చెబుతున్నా ఎవరూ వినలేదు, జనం పలచబడ్డారు. అప్పుడు రైతు తల్లి వచ్చి గుండిగ పక్కన చతికిలబడి, లోపల చెయ్యి పెట్టి నెమ్మదిగా తడిమింది. అడుగున మూడు చోట్ల రాగి అతుకులున్నాయి, ఒక పక్క మాత్రం గరిటె రాపిడికి నున్నగా అరిగిపోయింది.

"ఇందులో వండింది ఎడంసేతి మనిసి, నాలాగే. రాయి గుంటా, బేగి రాయి!" అని నా చేతిలోని కాగితం చూపిస్తూ తొందరపెట్టింది.

ఆఫీసరుగారు నమ్మలేదు. గరిటె తెప్పించి కుడిచేత్తో తిప్పి చూశారు, కుదరలేదు. ఎడంచేత్తో తిప్పితే గరిటె ఆ అరుగుదల వెంటే సాఫీగా జారింది. ఆయన చిన్నపిల్లాడిలా కేక వేశారు. వెళ్లిపోతున్న జనం వెనక్కి పరిగెత్తుకొచ్చి, తలా ఒకసారి గరిటె తిప్పి చూశారు. ఆ రైతే గుండిగను భుజాన వేసుకుని జీపు దాకా మోసుకొచ్చాడు, దారిపొడుగునా ఎదురైన వాళ్లందరికీ ఆ ఎడంచేతి మనిషి సంగతి చెబుతూ. ముసలమ్మ మాటను నేను గీసిన గుండిగ బొమ్మ కింద ఆఫీసరుగారే స్వయంగా రాశారు.

ఇప్పుడు మన వంటిళ్లలో గిన్నెలు అరిగేదాకా ఎక్కడ ఉంటున్నాయి? అతుకులు వేసేవాళ్లు సంతలో కనిపించి ఎన్నేళ్లయిందో. అంత ఉద్యోగం వెలగబెట్టిన నేనే, మా అమ్మ వండిన గుండిగను పాతసామాన్లవాడికి ఇచ్చేసి కుక్కరు తెచ్చుకున్నాను. అది లోపల ఏ పక్క అరిగిందో ఒక్కసారైనా వంగి చూడలేదు.