గోనెసంచిలో కత్తులు

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. ఆనందపురంలో బస్సెక్కి కూర్చోగానే ముందు సీటు కింద ఉన్న గోనెసంచి నా కాలికి తగిలి గలగలమంది.

"కాళ్లు ఎనక్కి తీసుకో బాబూ, తెగిపోతాయి," అంది ఆ సీటులోని నడివయసు ఆవిడ. సంచి నిండా కట్టెలు కొట్టే కత్తులు. వాళ్ల వీధి ఆడవాళ్లందరివీనట.

"ఏటికమ్మా ఇన్ని?" కండక్టరు కసిరాడు.

ఆవిడ కిటికీలోంచి కొండ చూపించింది. "సెట్లు నరకడానికి కంట్రాక్టరు లారీలొచ్చినాయి. ఎవుడూ కత్తెట్టకుండా ఆ కొండని రిజర్వు అడివి సెయ్యమని ఆఫీసరుని అడగడానికి ఎల్తన్నాను."

"రిజర్వు చేస్తే మీకూ కట్టెలు దొరకవు కదమ్మా," అన్నాను.

"తెల్సు. మావూ నరుకుతా ఆడ్ని ఒద్దంటే ఎవుడింటాడు? ముందు మా కత్తులు బల్ల మీదెడతాను. అప్పుడడుగుతాను."

"మరి పొయ్యిలోకి?"

"పిడకలున్నాయి, సరుగుడాకుంది. మా అత్త తిడతాది. తిట్టనీ."

కలెక్టరాఫీసు దగ్గర దిగుతుంటే సాయం పట్టబోయాను. వద్దంది. కొంగు చుట్టకుదురు చేసుకుని, కట్టెల మోపులాగే సంచిని తలకెత్తుకుని గేటులోకి నడిచింది.

ఆఫీసరు ఏమన్నాడో నాకు తెలియదు. కొండ మాత్రం ఇంకా పచ్చగానే ఉంది. ఆ దారిన బస్సెక్కితే ఇప్పటికీ కాళ్లు కాస్త వెనక్కి పెట్టుకునే కూర్చుంటాను.