చిన్నాయన పటానికి బొట్టు

ఎక్కడైనా సాంబ్రాణి వాసన తగిలితే తనకల్లు దగ్గర మా ఊరి శుక్రవారాలు గుర్తొస్తాయి. కడిగిన బండల తడి, పంచలో ఎండబోసిన చెనక్కాయల దుమ్ము, పండగనాళ్లలో పెనం మీద ఓళిగలు కాలే నెయ్యి వాసన, వాటన్నిటి నడుమ గోడకు వరసగా దేవుళ్ల పటాలు. ఆ వరసలో చివరిది మిలిటరీలో కెప్టెనుగా ఉన్న మా చిన్నాయన పటం.

కదిరిలో సినిమా బోర్డులూ గుడి గోడలూ రాసే పెయింటరు చిన్న ఫోటో చూసి వేసిన బొమ్మ అది. మీసం చిన్నాయనదే, కళ్లు మాత్రం ఎవరివో. చంకలో బెత్తం, ఛాతీ మీద పతకాలు, టోపీ వెనక పసుపు వెలుగు, దాని వెనక నల్లటి మబ్బులు. ఆ కరువేళ్లలో మాకు మబ్బులు కనిపించింది ఆ పటంలోనే. సెలవుకొచ్చి లుంగీ ఎగ్గట్టి మాతో గోలీలాడే మనిషీ, అద్దం వెనక రెప్ప వేయకుండా నిలబడిన ఈ మనిషీ ఒకరేనా అని నాకెప్పుడూ తికమకే.

నాకు పదేళ్లప్పుడు, ఒక శుక్రవారం చిన్నమ్మ పటాలకు బొట్లు పెడుతూ, నీళ్ల ట్యాంకరు వచ్చిందని సగంలో వదిలి బిందెతో పరుగెత్తింది. మిగతావి నేను పెట్టాను, చివరిదానికి కూడా. ఆ వెలుగు చూసి దేవుడనుకున్నానో, వరస పూర్తి చేయాలనుకున్నానో ఇప్పటికీ తెలియదు. మనిషి పటానికి బొట్టు పెడితే ఆ మనిషి చనిపోయినట్టని మాత్రం అప్పుడు నాకు తెలియదు.

చిన్నమ్మ బిందె దించకముందే అవ్వ విరుచుకుపడింది.

“బతికుండే మొగునికి బొట్టు పెడ్తావేమే! కండ్లు యాడ పెట్టుకోనుండావు?”

“దేవునాన, నేను పెట్లేదత్తా!”

“నువ్వు గాక ఆకాశం నుంచి ఎవురన్నా దిగొచ్చి పెట్టిపాయనా?”

కుంకుమ వేలు నిక్కరుకు తుడుచుకుని నేను బయటికి పోయాను.

రెండేళ్లకు, ఎక్కడో కొండల్లో జీపు లోయలో పడి చిన్నాయన పోయాడు. పటానికి దండ వేసిన రోజు అవ్వ చిన్నమ్మను చూసి, “ఆ పొద్దే ఈ రాత రాసిపెడితివి గదే,” అంది. తాను కన్ను మూసేదాకా అంటూనే ఉంది. చాలాసార్లు నేను అక్కడే ఉన్నాను. నోరు విప్పనిది భయంతోనో, చిన్నమ్మ పట్టించుకోదులే అనుకునో చెప్పలేను.

పోయిన నెల ఊరికి వెళ్లాను. ఆ గోడ లేదు, పటాన్ని చెదలు తినేశాయి, దేవుళ్లందరూ ఒక క్యాలెండరులోకి సర్దుకున్నారు. చిన్నమ్మ చెనక్కాయలు వలుస్తుంటే ఎదురుగా కూర్చుని జరిగిందంతా చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

“నువ్వా?” అంది. “మీ అవ్వ అన్ని సార్లు అనేసరికి, నేనే పెట్టి మర్సిపోయినానేమో అనుకుంటి రా, ఇన్నేండ్లూ.”